రిపోర్టులన్నీ నార్మలే అంటున్నారు, మరి నెల ఎందుకు తప్పట్లేదు?

రాజోలు కోడలు (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. నాకు 28, మావారికి 32. పెళ్లై మూడో ఏడు నడుస్తోంది. మావారికి రొయ్యల చెరువులు. పట్టుబడి దగ్గరపడితే రాత్రుళ్లు గట్టు మీద షెడ్డులోనే పడక. నాకు నెలసరి 35 నుంచి 38 రోజులకి వస్తుంది, పెళ్లికి ముందు నుంచీ అంతే. టౌన్లో ఒక ఆసుపత్రిలో చూపించుకుంటున్నాం. స్కానింగ్ బాగుందన్నారు, థైరాయిడ్ లేదన్నారు. 21వ రోజు రక్తం తీసి, ప్రొజెస్టిరాన్ తక్కువగా ఉంది, గుడ్డు విడుదల కావట్లేదన్నారు. మాత్రలు వాడాను. ఇప్పుడు ఐయూఐ, అంటే వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం, చేద్దాం, కాకపోతే టెస్ట్ ట్యూబ్ పద్ధతి ఐవీఎఫ్‌కి వెళ్దాం అంటున్నారు. ఫైలు తిరగేస్తే ఆ ఒక్క కాగితం తప్ప అన్నిటి మీదా నార్మల్ అనే ఉంది. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అని అడగని వాళ్లు లేరు. ఐయూఐకి ఒప్పుకునే ముందు ఇంకేమైనా చూపించుకోవాలా?

పాలకొల్లు ప్యాసింజర్ (సోమవారం, రాత్రి 9:30)

మీవారి పరీక్ష గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేంటండీ?

రాజోలు కోడలు (సోమవారం, రాత్రి 9:41)

చేయించలేదండి. డాక్టరుగారు రాశారు. మా అత్తగారేమో "మా వంశంలో మగాళ్లకి అలాంటివి లేవు" అన్నారు. ఈయనకి ఆ మాట దొరికింది, అంతే.

పాలకొల్లు ప్యాసింజర్ (సోమవారం, రాత్రి 9:44)

ఆయ్, అయితే మీ చేతిలో ఉన్నది సగం ఫైలేనండి. ఐయూఐలో లోపలికి పంపేది ఆయన వీర్యాన్నే కదా. అదెలా ఉందో చూడకుండానే ప్యాకేజీ చెప్పేశారా?

తెల్లకోటు పిన్ని (సోమవారం, రాత్రి 10:26)

అమ్మాయ్, నేను కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదువు.

ముందు ఆ 21వ రోజు సంగతి. గుడ్డు విడుదలయ్యాక మళ్లీ బయట చేరేదాకా మామూలుగా 12 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ వెనక భాగం పెద్దగా మారదు. నెలసరి ఆలస్యమయ్యేవాళ్లకి సాగేది ముందు భాగం. 28 రోజులకి వచ్చే మనిషికి 14వ రోజు చుట్టుపక్కల గుడ్డు విడుదలవుతుంది, దానికి వారం కలిపితే 21. ఆ లెక్క అక్కడిది. 36 రోజులకి వచ్చే నీకు 22వ రోజు దగ్గర విడుదలవ్వాలి. 21న రక్తం తీస్తే ప్రొజెస్టిరాన్ తక్కువ కాక ఇంకేం వస్తుంది? అది పెరిగేదే గుడ్డు విడుదలయ్యాక. నీకు 29వ రోజు దగ్గర తియ్యాలి. ఆ ఒక్క కాగితం చూసి గుడ్డు రావట్లేదని తేల్చేస్తే ఎలాగమ్మా? రావట్లేదేమో, వస్తోందేమో. ఆ పరీక్షతో మాత్రం తేలదు.

ఇక గుడ్డు వచ్చే రోజులు మనంతట మనం కనిపెట్టడం. ఇది ఎవరూ నేర్పరు. బయట చేరి తగ్గాక కొన్నాళ్లు కింద పొడిగా ఉంటుంది. తర్వాత కాస్త జిగురుగా, తెల్లగా తడి మొదలవుతుంది. గుడ్డు వచ్చే రోజు దగ్గరపడేకొద్దీ ఆ తడి పల్చబడి, రంగు పోయి, గుడ్డు తెల్లసొనలా జారుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి విడదీస్తే తెగకుండా సాగుతుంది. అలా జారుడుగా ఉన్న ఆఖరి రోజుకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా గుడ్డు విడుదలవుతుంది. మర్నాటి నుంచి మళ్లీ చిక్కబడుతుంది, లేదా పొడిబారుతుంది. మనవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లగానే నీళ్లు పోసేసుకుంటారు కాబట్టి ఏమీ తెలీదు. కడుక్కోకముందే శుభ్రమైన నూలు గుడ్డతో తుడిచి చూసుకోవాలి. రోజుకి రెండు మూడు సార్లు చూసి, పడుకునే ముందు క్యాలెండర్ మీద ఒక్క మాట రాసుకో: పొడి, జిగురు, జారుడు. అంతే.

దీన్ని 1950ల్లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్ అనే డాక్టరు పరిశీలించడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన భార్య ఎవెలిన్ కూడా చేరింది, ఆవిడా డాక్టరే. అందుకే బిల్లింగ్స్ పద్ధతి అంటారు. ఇంకో పద్ధతి ఒంటి వేడి చూసుకోవడం. పొద్దున మెలకువ రాగానే మంచం దిగకముందు నోట్లో థర్మామీటర్ పెట్టుకోవాలి. గుడ్డు విడుదలయ్యాక వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, బయట చేరేదాకా అలాగే ఉంటుంది. దీనితో చిక్కేమిటంటే, అయిపోయాకే తెలుస్తుంది. పైగా మన ఇళ్లలో తెల్లారకుండానే పాలవాడో, మోటారు కరెంటో మంచం మీంచి లేపేస్తాయి. ఆ చార్టు ఎన్నాళ్లు సాగుతుంది? తడి చూసుకోవడమే సులువు.

రాజోలు కోడలు (సోమవారం, రాత్రి 10:50)

పిన్నిగారూ, మా ఊళ్లో దాన్ని తెల్లబట్ట అంటారు. ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్తే మాత్రలిస్తాడు.

తెల్లకోటు పిన్ని (సోమవారం, రాత్రి 10:58)

అదే మరి. వాసన, దురద, మంట, పచ్చటి రంగు ఉంటే ఇన్‌ఫెక్షన్, దానికి మందు కావాలి. నెల మధ్యలో నాలుగు రోజులు జారుడుగా ఉండి పోయేది రోగం కాదు. వీర్యకణం గర్భసంచిలోకి చేరేది దాని ఊతంతోనే. ఆ తడిలో వీర్యకణాలు 5 రోజుల దాకా బతుకుతాయి. విడుదలైన గుడ్డు మాత్రం 12 నుంచి 24 గంటలే. అంటే గుడ్డు వచ్చే రోజు, దానికి ముందు అయిదు రోజులు, అంతా కలిపి ఆరే. మీ ఆయన ఆ రోజుల్లో గట్టు మీద పడుకుంటే ఏ స్పెషలిస్టు ఏం చేస్తాడు?

చెరువు గట్టు (మంగళవారం, ఉదయం 6:15)

ఆ గట్టు మీద పడుకునే జాతిలో నేనూ ఒకణ్ణి కాబట్టి మగవాళ్ల తరఫున రాస్తున్నా. చెల్లెమ్మా, మీవారికి ఈ పోస్టు చూపించండి.

మాకూ ఇలాగే ఆవిడ ఒక్కదానికే పరీక్షలన్నీ అయ్యాక నా వంతు వచ్చింది. కౌంట్ తక్కువ. యూరాలజీ డాక్టరు నిలబెట్టి పరీక్ష చేసి వేరికోసీల్ అన్నారు. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బి అక్కడ వేడి పెరగడం. చాలామందికి నొప్పి గిప్పి ఏమీ ఉండదు, అందుకే తెలీదు. చిన్న ఆపరేషన్ చేశారు. కొన్ని నెలలకి కౌంట్ పెరిగింది, తర్వాత పాప పుట్టింది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. డాక్టరుగారే చెప్పారు, చేతికి తగిలేంత వేరికోసీల్ ఉండి, రిపోర్టులో తేడా కూడా ఉంటేనే ఆపరేషన్ ఆలోచిస్తారట.

పరీక్ష గురించి నాలుగు మాటలు. 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండి ఇవ్వాలి. డబ్ల్యూహెచ్ఓ 2021లో ఇచ్చిన కింది హద్దులు ఇవీ: పరిమాణం 1.4 మి.లీ., ఒక్కో మి.లీ.కి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, మొత్తంలో ముందుకు ఈదేవి 30 శాతం, ఆకారం సరిగ్గా ఉన్నవి 4 శాతం. ఆకారం 4 శాతమే అని చూసి గుండె జారిపోనక్కర్లేదు, అక్కడిదాకా మామూలే. ఇవి గీత గీసిన పాస్ మార్కులు కావు. దీనికి దిగువన ఉన్నవాళ్లకీ పిల్లలు పుడతారు, పైనున్నవాళ్లకీ ఆలస్యమవుతుంది. ఒక రిపోర్టులో తేడా వస్తే మళ్లీ చేయించాలి.

ఇంకోటి. మాది లంక గ్రామం. ఇంటి దగ్గర శాంపిల్ తీసి, రేవు దాకా బండి మీద వచ్చి, పంటు కోసం ఎదురుచూసి, అవతల ఆటో పట్టుకుని ల్యాబ్‌కి ఇచ్చేసరికి ఏమవుతుంది? కదలిక పడిపోతుంది. గంటలోపు, ఒంటి వేడి తగ్గకుండా అందాలి. దూరం వాళ్లు సిగ్గు పక్కనపెట్టి ల్యాబ్‌లో ఇచ్చే గదిలోనే ఇవ్వండి.

జిమ్ కుర్రాళ్లకి కూడా చెప్పాలి. కండల కోసం వేసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వీర్యం తయారీని ఆపేస్తాయి. మగతనం పెరుగుతుందని వేసుకుంటారు, కౌంట్ సున్నాకి పోతుంది. మానేస్తే చాలామందికి తిరిగొస్తుంది, కానీ నెలలు పడుతుంది.

తణుకు తమ్ముడు (మంగళవారం, ఉదయం 8:40)

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోవద్దు. గుడ్డ పెట్టి తుడుచుకుని క్యాలెండర్ మీద రాసుకోవడం 28 ఏళ్లకి బాగానే ఉంటుంది. మా కజిన్ సిస్టర్‌కి 36. "ముందు కారణం కనుక్కుందాం, సహజంగా ట్రై చేద్దాం" అని ఏళ్లు గడిపేసింది. ఇప్పుడు గుడ్ల నిల్వ అడుగంటింది అంటున్నారు. ఐవీఎఫ్ అనగానే వ్యాపారం అనేస్తారు. 1978 నుంచీ జరుగుతున్న వైద్యం అది. నేరుగా దానికెళ్లి ఉంటే ఈపాటికి స్కూల్లో వేసేవాళ్లు.

తెల్లకోటు పిన్ని (మంగళవారం, ఉదయం 10:05)

బాబూ, నీ మాటలో నిజముంది. ఏడాది ప్రయత్నించినా నెల తప్పకపోతే పరీక్షలకి వెళ్లాలి. ఆడమనిషికి 35 దాటితే ఆరు నెలలే. అంతకు మించి ఎవరూ ఏ చార్టూ పట్టుకుని కూర్చోకూడదు. రెండు ట్యూబులూ మూసుకుపోతే, వీర్యకణాలు మరీ తక్కువుంటే ఐవీఎఫ్ లాంటివే దారి, అక్కడ తడి చూసుకుని ప్రయోజనం లేదు. నేనంటున్నది ఈ అమ్మాయి గురించి. ఈమెకి ట్యూబ్ టెస్ట్ అయిందో లేదో కూడా మనకి తెలీదు, భర్త పరీక్ష కాలేదు, రక్తం తప్పు రోజున తీశారు. ఏ రోగమో తెలియకుండా వైద్యానికి రేటు మాట్లాడుకోవడం నాకు మింగుడుపడదు.

ఇంకొకటి, ఏ.ఎం.హెచ్. తక్కువుందనగానే పిల్లలు పుట్టరని కాదు. అది గుడ్ల సంఖ్యకి కొలత, ఐవీఎఫ్‌లో ఎన్ని గుడ్లు దొరుకుతాయో అంచనాకి పనికొస్తుంది. మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది అది చెప్పలేదు.

ఉండి కాలువ (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

కారణం వెతికి సరిచేసే ఈ దారికి అమెరికాలో ఒక పేరు కూడా ఉంది. ఒమాహాలో థామస్ హిల్గర్స్ అనే గైనకాలజిస్టు బిల్లింగ్స్ వాళ్ల పద్ధతినే ఇంకాస్త కొలతలతో దిద్ది క్రైటన్ మోడల్ అన్నారు. దాని మీద నాప్రో టెక్నాలజీ అని వైద్యం కట్టారు. చార్టు చూసి ఫలానా రోజున హార్మోన్ పరీక్ష, ఎండోమెట్రియోసిస్ ఉంటే సర్జరీ, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో గుడ్డు సరిగ్గా విడుదల కాకపోవడం) ఉంటే దానికి మందు. కేథలిక్ మత నేపథ్యం ఉన్న సంగతి దాచక్కర్లేదు, వాళ్లు ఐవీఎఫ్‌ని ఒప్పుకోరు. దీన్నీ ఐవీఎఫ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చిన పెద్ద ట్రయల్స్ మాత్రం లేవు కాబట్టి, అదే గొప్పదని ఎవరైనా అంటే నేను నమ్మను. పరీక్షని క్యాలెండర్ రోజుని బట్టి కాకుండా మనిషి సైకిల్‌ని బట్టి చెయ్యాలన్న ముక్క మాత్రం ఏ మతం వాడికైనా పనికొస్తుంది.

కొత్తపేట గృహిణి (మంగళవారం, మధ్యాహ్నం 3:02)

రాజోలు చెల్లీ, నెలసరిలో నీకు నొప్పి ఎలా ఉంటుంది? నాకు ఇంటర్ నుంచీ ఆ రెండు రోజులూ మెలికలు తిరిగిపోయేదాన్ని. "పెళ్లైతే పోతుంది" అన్నారు. పెళ్లయ్యాక కలిసినప్పుడు కూడా నొప్పి. "పిల్లలు పుడితే పోతుంది" అన్నారు. స్కానింగ్ ఎప్పుడూ నార్మలే. చివరికి ఒక మేడమ్ మాత్రం, నొప్పి గురించి చాలాసేపు అడిగి, లాపరోస్కోపీ చేద్దామన్నారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట, ట్యూబుల చుట్టూ అతుక్కుని ఉందట. ఎండోమెట్రియోసిస్. అండాశయంలో చాక్లెట్ సిస్టు ఉంటే స్కాన్‌లో కనిపిస్తుంది, పైపైన అతుక్కున్నవి చాలాసార్లు కనిపించవట. అవి తీశాక మామూలుగానే నెల తప్పాను. అన్నేళ్లు నార్మల్ అన్న కాగితాలన్నీ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. ఎందుకు దాచానో నాకే తెలీదు.

రాజోలు కోడలు (మంగళవారం, మధ్యాహ్నం 3:30)

నాకు నొప్పి పెద్దగా ఉండదక్కా. ట్యూబ్ టెస్ట్ చేయలేదు.

మందుల కొట్టు (మంగళవారం, సాయంత్రం 7:18)

ఫార్మసిస్టుని. ట్యూబుల మాట వచ్చింది కాబట్టి మన దేశంలో మర్చిపోకూడని కారణం ఇంకొకటి ఉంది. గర్భసంచికి, ట్యూబులకి వచ్చే టీబీ. దగ్గు ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు. బ్లీడింగ్ బాగా తగ్గిపోవడం, పొత్తికడుపు నొప్పి, లేదంటే ఏ లక్షణమూ లేకుండా ట్యూబులు మూసుకుపోవడం. గర్భసంచి లోపలి పొర ముక్క తీసి సీబీనాట్ (టీబీ క్రిమిని పట్టే పీసీఆర్ రకం పరీక్ష), కల్చర్, బయాప్సీకి పంపుతారు. ఒక్క పీసీఆర్ పాజిటివ్ చూసి కంగారుపడకూడదు, మిగతావాటితో కలిపి డాక్టరు తేల్చాలి. తేలితే ఆరు నెలల కోర్సు. మందులు ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఉచితమే. మధ్యలో మానేయకుండా మింగడమే కష్టం. మా కొట్టుకి వచ్చేవాళ్లని చూస్తున్నాను కదా, రెండో నెలలో ఒళ్లు తేలికవ్వగానే మానేస్తారు.

లెట్రోజోల్ గురించి కూడా. పీసీఓఎస్‌లో గుడ్డు విడుదలకి ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదట చెప్పేది అదే. అది రొమ్ము క్యాన్సర్ మందు అని ఎవరో చెబితే భయపడి చీటీ వెనక్కిచ్చేస్తున్నారు. మన దేశంలో 2011లో సంతానం కోసం వాడొద్దని నిషేధించిన మాట నిజమే, తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు. కానీ స్కాన్ చూసేవాళ్లు లేకుండా, పక్కింటావిడ చీటీ మీద కొనుక్కుని మింగొద్దు.

దోహా దూరం (మంగళవారం, రాత్రి 11:55)

మావారు ఖతర్. ఏడాదికోసారి సెలవు. పెళ్లై అయిదేళ్లని జనం అంటారు, కలిసి ఉన్న రోజులు లెక్కపెడితే ఏడాది కూడా అవ్వదు. సెలవు టికెట్ పండగ చూసి తీసుకుంటారు, లేదా కంపెనీ ఎప్పుడిస్తే అప్పుడు. వచ్చేసరికి నేను బయట ఉంటాను. మా సైడు ఇలాంటివాళ్లు ఇంటికొకరున్నాం, ఎవరూ మాట్లాడరు. మాకేదైనా ఉపాయం ఉందా?

తెల్లకోటు పిన్ని (బుధవారం, ఉదయం 6:40)

ఉందమ్మా. ముందుగా, నీకు ఏ లోపమూ ఉందని ఇంకా ఎవరూ అనకూడదు. ఏడాది అనే లెక్క కలిసి ఉన్నవాళ్లకి. ఆయన అక్కడున్నప్పుడే నువ్వు కొన్ని నెలలు తడి రాసుకో, నీ సైకిల్ నీకు అర్థమవుతుంది. దాన్ని చూసి సెలవు తేదీ అడగమను. కుదిరితే రెండు సైకిళ్లు పట్టేలా. వచ్చాక రోజు మార్చి రోజు కలిస్తే చాలు. ఆయన పరీక్ష వచ్చిన వారంలోనే చేయించు, తిరిగి వెళ్లేటప్పుడు కాదు. గుర్తింపు ఉన్న సెంటర్లలో ఆయన ఉన్నప్పుడే వీర్యం ఫ్రీజ్ చేసి దాచే సదుపాయం కూడా ఉంటుంది. 2021లో వచ్చిన చట్టం ప్రకారం రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడుగు. గుడ్డు విడుదల దగ్గరపడిందని మూత్రంలో చూపించే, మెడికల్ షాపులో దొరికే ఎల్‌హెచ్ స్ట్రిప్పులు కూడా వాడొచ్చు, కాకపోతే పీసీఓఎస్ ఉన్నవాళ్లకి ఉత్తుత్తి పాజిటివ్‌లు చూపిస్తాయి.

వేదిక కాపలా (బుధవారం, ఉదయం 9:00)

"మగబిడ్డ గ్యారంటీ పసరు" అని ఫోన్ నంబరుతో పెట్టిన పోస్టు తీసేశాం, పెట్టిన సభ్యుణ్ణి కూడా. లింగ నిర్ధారణ, ఎంపిక ప్రకటనలు 1994 చట్టం ప్రకారం నేరం. ఆసుపత్రుల పేర్లు రాయకండి, మంచిగానైనా చెడుగానైనా.

కొత్తపేట గృహిణి (బుధవారం, ఉదయం 9:25)

మంచి పని చేశారు. మా అత్తగారు నన్ను షష్ఠికి బిక్కవోలు తీసుకెళ్లారు, నాగులచవితికి పుట్టలో పాలు పోయించారు. వెళ్లాను, మనసుకి బాగానే ఉంది. పసరు మాత్రం తాగనన్నాను. దేవుడు లివర్ పాడుచెయ్యడు కదా.

ఉండి కాలువ (బుధవారం, ఉదయం 11:10)

ప్రయత్నంలో ఉన్నవాళ్లంతా ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా? రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి. బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడేది నెల తప్పిందని తెలిసీ తెలియని రోజుల్లోనే కాబట్టి తర్వాత మొదలుపెడితే ఆలస్యం. 1945లో లెడర్లీ కంపెనీలో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన కాలవ నీళ్లు తాగిన మనిషి తయారుచేయించిన మాత్రని మనమే మర్చిపోతే ఎలాగండీ.

రాజోలు కోడలు (నెలన్నర తర్వాత, ఆదివారం, రాత్రి 8:35)

అందరికీ ఒకసారి చెప్పాలనిపించింది. చెరువు గట్టు అన్నయ్యగారి పోస్టు మావారికి చూపించాను. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తనే ల్యాబ్‌కి వెళ్లొచ్చారు. కౌంట్ పర్వాలేదు, ముందుకు ఈదేవి 22 శాతమే. ఆయనకి అంతకు ముందు నెలలో టైఫాయిడ్ వచ్చి తగ్గింది. నేను తడి రాసుకున్నాను, జారుడు పిన్నిగారన్నట్టే మూడో వారం దాటాక కనిపించింది. దాన్నిబట్టి వారం తర్వాత ప్రొజెస్టిరాన్ చేయిస్తే, గుడ్డు విడుదలైందన్నారు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ప్రొలాక్టిన్ హార్మోన్, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మళ్లీ చూశారు, బాగున్నాయి. నెలసరి ఆలస్యం కాబట్టి పీసీఓఎస్ కోణంలో కూడా చూస్తామన్నారు. ట్యూబ్ టెస్ట్ వచ్చే నెల బయట చేరి తగ్గాక. ఐయూఐ ఇప్పుడే వద్దన్నారు. మా అత్తగారు మాత్రం నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

తెల్లకోటు పిన్ని (ఆదివారం, రాత్రి 9:10)

టైఫాయిడ్ అన్నావు కదా, ఆ రిపోర్టు లెక్కలోకి తీసుకోకు. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. జ్వరం వేడికి దెబ్బతిన్నవే ఇప్పుడు బయటికొచ్చాయి. జ్వరం తగ్గినప్పటి నుంచి మూడు నెలలు లెక్కేసి అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించు, పాత చీటీ పట్టుకెళ్లు. అప్పటిదాకా సిగరెట్, గుట్కా ఉంటే బంద్. పీసీఓఎస్ అని తేలి బరువు ఎక్కువుంటే, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి దారిలోకి రావచ్చు. బక్కగా ఉంటే ఆ మాట నీకు కాదు.

చెరువు గట్టు (ఆదివారం, రాత్రి 9:32)

22 నుంచి పైకి రావడం పెద్ద విషయం కాదు బావగారికి. నంబరు ఇమ్మనండి, నేను మాట్లాడతా. మగాళ్లం ఈ సంగతులు ఆసుపత్రిలో కంటే గట్టు మీదే బాగా మాట్లాడుకుంటాం.

పాలకొల్లు ప్యాసింజర్ (ఆదివారం, రాత్రి 9:40)

ఆ రెండో టెస్టు పట్టుబడి అయ్యాక పెట్టుకోమనండి. కౌంట్ ధర బాగా పలికితే ల్యాబ్‌కి కూడా నవ్వుకుంటూ వెళ్తారు. రొయ్యల కౌంటేనండి, నేనంటున్నది.